కెథడ్రల్ ఆసనము నుండి ప్రసంగ వేదికకు: అన్‌హాల్ట్ రాకుమారుడు జార్జి (1507–1553)

సంఘ సంస్కరణ చరిత్రను మన సెమినరీలలో చదివేటప్పుడు మనకు ఎక్కువగా కనిపించేది సన్యాసులు, ఆచార్యులు, రాజులు. లూథరు సన్యాసి, మెలాంక్తను ఆచార్యుడు, శాక్సనీ ఎలెక్టరు రాజు. వీరి మధ్య మరొక వర్గమున్నది. వారు కెథడ్రల్ కానన్‌లు. జర్మనీలో సంఘ సంబంధమైన అధికారములో గొప్ప భాగము వీరి చేతిలో ఉండేది. అయినను చరిత్ర గ్రంథాలలో వీరికి దక్కిన చోటు స్వల్పము. పాత వ్యవస్థను గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు సోమరులుగా, భోగలాలసులుగా ఒక వాక్యములో పేర్కొని వదిలివేయుట వాడుక. ఆ వర్గములోనే పుట్టి పెరిగి, ఆ వర్గపు అత్యున్నత పదవులలో ఒకదానిని చేపట్టి, చివరకు మెర్సెబర్గ్ కెథడ్రల్‌లో లూథరు చేత హస్తనిక్షేపణము పొందిన అన్‌హాల్ట్ రాకుమారుడు జార్జి జీవితమును ఈ వ్యాసము పరిశీలిస్తుంది. ఆయన జీవితములో తలెత్తిన ప్రశ్న నేటికీ మనది: దేవుని సేవకుని సేవకునిగా చేసేది ఏమిటి?

కానన్ పదవి అంటే ఏమిటి?

మధ్యయుగములో ప్రతి కెథడ్రల్‌కు ఒక చాప్టరు, అనగా కానన్‌ల మండలి ఉండేది. బిషప్పును ఎన్నుకొనేది ఈ మండలియే. కెథడ్రల్‌లో ప్రతి దినము నియమిత వేళలలో కీర్తనలు పాడుట, ఆరాధన జరుపుట వీరి బాధ్యత. అందుకు ప్రతిగా ప్రతి కానన్‌కు భూముల మీద, దశమ భాగముల మీద వచ్చే స్థిరమైన రాబడి ఉండేది. మన ప్రాంతములో దేవాలయ సేవకులకు మాన్యములు ఉన్నట్లే అనుకొనవచ్చును. అయితే మాన్యము అనుభవించేవారే సేవ చేయాలన్న నియమము క్రమేణా సడలిపోయింది. కానన్‌లు తమ స్థానములో కొద్దిపాటి జీతమునకు వికారులను నియమించి పాటలు పాడించేవారు. జర్మనీలోని అనేక చాప్టర్లలో ప్రవేశమునకు వేదాంత జ్ఞానము కంటే వంశవృక్షము ముఖ్యమైనది. తల్లి తరఫున, తండ్రి తరఫున పూర్వికులు కులీనులని రుజువు చూపవలసి ఉండేది.

దీనికి కారణము కేవలము గర్వము కాదు. రాజ్యము కుమారులందరికీ పంచితే ముక్కలైపోతుంది. కనుక ఒకరిద్దరిని సంఘమునకు అప్పగిస్తే వారికి గౌరవము, రాబడి దొరుకుతాయి, కుటుంబమునకు ఒక బిషప్పు పీఠము మీద పట్టు దొరుకుతుంది. ఇంటి లెక్కలో ఇది తెలివైన పని. సంఘము లెక్కలో దాని వెల ఎంతో 1517లో లోకమంతా చూసింది. బ్రాండెన్‌బర్గ్ వంశీయుడైన ఆల్బ్రెక్ట్ 1513లో మాగ్డెబర్గ్‌కు, 1514లో మైంజ్‌కు కూడా ఆర్చిబిషప్పు అయ్యాడు. ఆ పదవుల నిమిత్తము రోముకు చెల్లించవలసిన సొమ్మును ఫుగ్గర్ సాహుకారుల వద్ద అప్పు చేశాడు. ఆ అప్పు తీర్చుటకు పాపపరిహార పత్రాల అమ్మకపు రాబడిలో సగము ఆయనకు అనుమతించబడింది. లూథరు తన 95 వాదాంశములను పంపినది ఈ ఆల్బ్రెక్ట్‌కే. మన జార్జి తరువాత పని చేసినది కూడా ఇతని క్రిందనే.

బాల్యము, విద్య

జార్జి 1507 ఆగస్టు 15న డెస్సౌ పట్టణములో జన్మించాడు. తండ్రి ఎర్నెస్ట్ అన్‌హాల్ట్-డెస్సౌ పాలకుడు. తల్లి మార్గరెట్, బొహీమియా రాజైన పోడెబ్రాడ్ జార్జికి మనుమరాలు. ఈ పోడెబ్రాడ్ రాజు హుస్సు అనుచరులలో ఒక వర్గమునకు చెందినవాడు. ప్రభురాత్రి భోజనములో విశ్వాసులకు రొట్టెతో పాటు పాత్రను కూడా ఇవ్వవలెనని పట్టుబట్టిన వర్గమది. పోపు అతనిని సంఘము నుండి వెలివేశాడు. అయితే అతని మనుమరాలు మార్గరెట్ మాత్రము పాత విశ్వాసమునకు అంకితమైన స్త్రీ. 1516లో భర్త మరణించగా ముగ్గురు పిల్లలను, యోహాను, జార్జి, యోవాకీములను, ఆమె దృఢముగా పెంచింది. 1525లో లూథరు పక్షమును ఎదుర్కొనుటకు ఉత్తర జర్మనీ పాలకులు చేసుకొన్న కూటమికి డెస్సౌ కూటమి అన్న పేరు ఆమె పట్టణమును బట్టి వచ్చినదే.

అన్‌హాల్ట్ వంశములో భక్తికి మరొక రూపము కూడా ఉండేది. అదే వంశస్థుడైన విల్‌హెల్మ్ రాజ్యమును విడిచి ఫ్రాన్సిస్కన్ సన్యాసియై మాగ్డెబర్గ్ వీధులలో భిక్షమెత్తాడు. 1497 ప్రాంతములో అక్కడ బడికి వెళ్తున్న లూథరు, భుజము మీద గోనె మోస్తూ ఎముకలు తేలిన ఆ రాకుమారుని చూశానని చాలా ఏండ్ల తరువాత వ్రాశాడు. అతనిని చూసినవారికి తమ జీవితమును బట్టి సిగ్గు కలిగేదని ఆయన సాక్ష్యము. జార్జి పెరిగిన ఇంటిలో మతము కేవలము రాబడి వ్యవహారము కాదని చెప్పుటకే ఈ సంగతి ప్రస్తావిస్తున్నాను.

అయినను జార్జి సంఘములో అడుగు పెట్టినది బంధుత్వపు వాకిటి గుండానే. మెర్సెబర్గ్ బిషప్పు అడాల్ఫ్ అన్‌హాల్ట్ వంశీయుడు. ఆయన పలుకుబడితో 1518లో, ఇంకా పదకొండేండ్లు నిండీ నిండని వయస్సులో, జార్జి మెర్సెబర్గ్ కెథడ్రల్ కానన్ అయ్యాడు. చదువు లైప్‌జిగ్‌లో సాగింది. గురువు ఫోర్హ్‌హైమ్‌కు చెందిన జార్జి హెల్ట్, ప్రాచీన భాషలలో ప్రవీణుడు, మృదుస్వభావి. 1519లో లూథరు, ఎక్ లైప్‌జిగ్‌లో వాదించినప్పుడు, ఆ వాదమును నిషేధిస్తూ చర్చి తలుపులకు ప్రకటన అంటింపజేసినది ఇదే బిషప్పు అడాల్ఫ్. అది పని చేయలేదనుకోండి. 1524లో జార్జి యాజకునిగా అభిషేకము పొందాడు. 1520ల మధ్యలోనే మాగ్డెబర్గ్ కెథడ్రల్ ప్రొవోస్ట్, అనగా ఆ చాప్టరుకు అధిపతి అయ్యాడు. ఇరువది ఏండ్లు నిండకముందే ఆల్బ్రెక్ట్ ఆర్చిబిషప్పు సంస్థానములో అతి పెద్ద పదవులలో ఒకటి ఆయన చేతిలో ఉంది.

ఖండించుటకు చదివినవాడు

తొలి దశలో జార్జి లూథరు పక్షమునకు వ్యతిరేకి. కొత్త బోధ వలన మంచి క్రియలు, క్రమశిక్షణ, సంఘ ఐక్యత అన్నీ కూలిపోతాయని ఆయన భయము. ఆ బోధను ఖండించే ఉద్దేశముతోనే లేఖనములను, అగస్టీను మొదలైన పితరులను, సంఘ చరిత్రను కూర్చొని చదివాడు. ఇక్కడ మనము ఒక సంగతి గమనించాలి. ఆ కాలపు వాదములలో ఎదుటివాని పుస్తకము చదవకుండానే ఖండన వ్రాసినవారు రెండు పక్షాలలోనూ ఉన్నారు. ఈ యువకుడు అలా చేయలేదు. చదివిన కొద్దీ తన పక్షమే బలహీనముగా కనిపించసాగింది. తాము ప్రాచీనమని కాపాడుతున్న వాటిలో చాలా భాగము ప్రాచీనము కాదని ఆయనకు అర్థమైంది. ప్రభుభోజనపు పాత్రను విశ్వాసులకు నిరాకరించుట, యాజకులకు వివాహమును నిషేధించుట, రెండింటికీ తొలి శతాబ్దాలలో ఆధారము లేదు.

ఆయన ఒక్కసారిగా మారలేదు. తల్లి బ్రదికి ఉన్నంత కాలము ఆమె మనస్సును నొప్పించే అడుగు వేయలేదు. దీనిని పిరికితనము అనేవారుండవచ్చును. పూర్వ విశ్వాసములో ఉన్న తల్లిదండ్రులతో కాపురము చేస్తూ కొత్త నమ్మికను మోసినవారు మన సంఘాలలో ఎందరో ఉన్నారు గనుక, మనము అంత త్వరగా తీర్పు చెప్పలేము. 1530లో రెండు జరిగాయి. జూను నెలలో ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన చక్రవర్తి యెదుట చదవబడింది. దాని మీద సంతకము చేసినవారిలో జార్జి బంధువు, అన్‌హాల్ట్-కోథెన్ పాలకుడు వోల్ఫ్‌గాంగ్ కూడా ఉన్నాడు. అదే నెలలో మార్గరెట్ మరణించింది. ఆ ప్రకటనను జార్జి శ్రద్ధగా చదివి, తాను లేఖనములలోను పితరులలోను కనుగొన్న దానికి ఇది అనుగుణముగా ఉన్నదని ఒప్పుకొన్నాడు.

డెస్సౌ నుండి విట్టెన్‌బర్గ్ ఒక దినపు ప్రయాణము. 1532లో లూథరు వోర్లిట్జ్‌లో అన్‌హాల్ట్ సోదరుల యెదుట ప్రసంగించాడు. అదే సంవత్సరము ఆయన స్నేహితుడు నికొలాస్ హౌస్‌మాన్ డెస్సౌ ఆస్థాన బోధకుడుగా వచ్చాడు. 1534లో ప్రభువు శ్రమల వారములోని గురువారము, ఏప్రిల్ 2న, డెస్సౌలో విశ్వాసులు రొట్టెను, ద్రాక్షారసమును రెండింటినీ పుచ్చుకొన్నారు. పోడెబ్రాడ్ రాజు ఏ పాత్ర కొరకు వెలివేయబడ్డాడో అదే పాత్ర అతని మునిమనుమల ప్రజల చేతికి వచ్చింది.

ఆర్చిబిషప్పు ఆల్బ్రెక్ట్, శాక్సనీ డ్యూకు జార్జి దీనిని తీవ్రముగా అభ్యంతరపెట్టారు. జార్జి ఇచ్చిన జవాబు గమనార్హమైనది. నేను పాలకుడను గనుక నాకిష్టమైన మతము నా దేశములో పెడతాను అని ఆయన అనలేదు. మాగ్డెబర్గ్ ప్రొవోస్టుగా, ఆర్చ్‌డీకనుగా ఆ ప్రాంతపు సంఘాల మీద తనకు సంఘ సంబంధమైన బాధ్యత ఉన్నది, బిషప్పులు దానిని నెరవేర్చనప్పుడు ఆ బాధ్యత తన మీద పడుతుంది అన్నది ఆయన వాదము. మరొక మాటలో చెప్పాలంటే, కుటుంబ పలుకుబడితో దొరికిన పాత పదవినే ఆయన నిజముగా నెరవేర్చబూనాడు. సంస్కర్తలలో ఇలా ఆలోచించినవారు తక్కువ.

ఈ రోజులలోనే చిన్న తమ్ముడు యోవాకీము తీవ్రమైన మనోవేదనకు లోనయ్యాడు. 1534 మే నెలలో లూథరు అతనికి వ్రాసిన ఉత్తరము పాస్టర్లు తప్పక తెలుసుకోదగినది. ఒంటరిగా కూర్చొనవద్దు, గుఱ్ఱపు స్వారీకి, వేటకు వెళ్లుము, మంచివారి సహవాసములో సంతోషముగా ఉండుము, దేవుడు అట్టి సంతోషమునకు కోపపడడు అన్నది దాని సారాంశము. హౌస్‌మాన్ 1538లో ఫ్రైబర్గ్‌కు పిలువబడి, అక్కడ తన తొలి ప్రసంగము చేస్తుండగానే కూలి మరణించాడు.

మెర్సెబర్గ్‌లో హస్తనిక్షేపణము

1544లో మెర్సెబర్గ్ బిషప్పు మరణించాడు. శాక్సనీ డ్యూకు మోరిస్ తన తమ్ముడు ఆగస్టును, అప్పటికి ఇంకా యువకుడైనవానిని, ఆ పీఠమునకు లౌకిక పాలకునిగా నియమింపజేశాడు. భూములు, కోటలు, రాబడి ఆగస్టువి. ఆత్మీయ వ్యవహారాలు చూచుటకు మాత్రము కోఅడ్జూటరుగా జార్జిని పిలిచారు. పాత రోగము కొత్త వేషములో వచ్చిందని ఇక్కడ నిర్మొహమాటముగా చెప్పాలి. బిషప్పు పీఠమును పాలక కుటుంబము సొంత ఆస్తిగా చూచుట సంస్కరణతో ఆగలేదు. సువార్త పక్షపు రాజులు దానిని ఇంకా సులువుగా చేశారు. జార్జికి మిగిలినది పని మాత్రమే. ఆయన దానినే తీసుకొన్నాడు.

ఆయన యాజకాభిషేకము పొందినవాడే. అయితే బిషప్పు బాధ్యతలకు ఎవరు ఆయనను ప్రతిష్ఠించాలి? ప్రాచీన క్రమమును గౌరవించే జార్జి, సాధ్యమైతే బిషప్పు చేతనే అది జరగాలని కోరాడు. బ్రాండెన్‌బర్గ్ బిషప్పు మత్తయాస్ ఫాన్ యాగో సువార్త పక్షమునకు వచ్చినవాడు గనుక ఆయన మీద ఆశ పెట్టుకొన్నాడు. కాని యాగో 1544లోనే మరణించాడు. మరి ఏ బిషప్పూ అందుకు సిద్ధముగా లేడు.

1545 ఆగస్టు 2న మెర్సెబర్గ్ కెథడ్రల్‌లో లూథరు, ఇతర సంఘ సేవకులతో కలిసి, జార్జి మీద చేతులుంచి ప్రార్థించాడు. లూథరు బిషప్పు కాదు. ఒక రాకుమారుడు, ప్రాచీన కెథడ్రల్ కానన్, తన చిన్ననాటి చాప్టరు వారి కన్నుల యెదుట, గని కార్మికుని కొడుకు యెదుట మోకరించాడు. మూడేండ్ల క్రిందట, 1542 జనవరిలో, నౌంబర్గ్‌లో కులీనుడైన నికొలాస్ ఫాన్ ఆమ్స్‌డోర్ఫ్‌ను కూడా లూథరే బిషప్పుగా ప్రతిష్ఠించాడు. కాని అక్కడ చాప్టరు న్యాయముగా ఎన్నుకొన్న యూలియస్ ఫాన్ ఫ్లూగ్‌ను ఎలెక్టరు త్రోసివేసి ఆమ్స్‌డోర్ఫ్‌ను నిలబెట్టాడు. మెర్సెబర్గ్‌లో అటువంటి పోటీ లేదు.

దీని వెనుకనున్న వేదాంతము స్పష్టము. క్రొత్త నిబంధనలో పెద్ద, అధ్యక్షుడు అన్నవి ఒకే పరిచర్యకు పేర్లు. అపొస్తలుల కార్యములు 20:17ను 28తోను, తీతుకు 1:5ను 7తోను పోల్చి చూడవచ్చును. జెరోము కూడా ఇదే చెప్పాడు. అలెక్సంద్రియలో చాలా కాలము పెద్దలే తమలో ఒకనిని బిషప్పుగా ఎన్నుకొన్నారని ఆయన వ్రాశాడు. 1537లో మెలాంక్తను పోపు అధికారమును గూర్చి వ్రాసిన గ్రంథములో ఈ ఆధారము మీదనే, బిషప్పులు నిరాకరించినప్పుడు అభిషేకించే హక్కు సంఘమునకు ఉన్నదని వాదించాడు. ఇది మనకు దూరపు చర్చ కాదు. 1733లో తరంగంబాడిలో ఆరోను అనే తమిళ ఉపదేశకుని పాస్టరుగా అభిషేకించినది బిషప్పులు లేని లూథరన్ మిషనెరీలే. 1919లో అదే ఊరిలో మొదలైన సంఘ ఐక్యత చర్చలు 1947 సెప్టెంబరు 27 వరకు సాగుటకు ముఖ్య కారణాలలో ఒకటి ఈ ప్రశ్నయే. దక్షిణ ఇండియా సంఘము బిషప్పుల పరంపరను స్వీకరిస్తూనే, బిషప్పు చేయి పడని పాత పాస్టర్లను తిరిగి అభిషేకించకుండానే చేర్చుకొన్నది. జార్జి ఆ బల్ల వద్ద కూర్చొని ఉంటే ఇరు పక్షాల బాధనూ ఎరిగి ఉండేవాడు.

రెండు దినముల తరువాత అదే పట్టణములో లూథరు హెబ్రీయులకు 13:4 మీద వివాహ ప్రసంగము చేశాడు. వరుడు కెథడ్రల్ డీనే! జార్జి మాత్రము చివరి వరకు అవివాహితుడుగానే ఉన్నాడు.

మెర్సెబర్గ్‌లో ఆయన చేసిన పనికి మన డయాసిసు నాయకులు దగ్గర పోలికలు చూడగలరు. స్వయముగా ప్రసంగించాడు. గ్రామ సంఘాలను దర్శించాడు. పాస్టర్లను సినడుగా సమకూర్చి బోధించాడు. వివాహ వివాదములు, పాస్టర్ల నడవడి విచారించుటకు కన్సిస్టరీ ఏర్పడింది. ఆయన ప్రసంగములు సరళమైన జర్మను భాషలో, ఓపికగా వివరించే ధోరణిలో ఉంటాయి. లూథరులోని ఉరుము వాటిలో లేదు.

ఇంటెరిము పరీక్ష

1546లో లూథరు మరణించాడు. 1547 ఏప్రిల్ 24న మ్యూల్‌బర్గ్ వద్ద చక్రవర్తి ఐదవ చార్లెస్ సువార్త పక్షపు రాజులను ఓడించాడు. 1548లో ఆగ్స్‌బర్గ్ ఇంటెరిము అనే తాత్కాలిక శాసనము వచ్చింది. పాత్ర, యాజకుల వివాహము తప్ప తక్కిన చాలా పాత ఆచారాలను అది తిరిగి విధించింది. దానిని రూపొందించినవారిలో నౌంబర్గ్ పీఠమునకు తిరిగి వచ్చిన ఫ్లూగ్, మైంజ్ సహాయ బిషప్పు మైఖేల్ హెల్డింగ్ ముఖ్యులు.

శాక్సనీలో మోరిస్ కోరిక మేరకు మెలాంక్తను, జార్జి మొదలైనవారు బిషప్పులతో పెగౌ మొదలైన చోట్ల సంప్రదింపులు జరిపారు. విశ్వాసమూలమున నీతిమంతులగుట అనే సిద్ధాంతమును విడువకుండా, వస్త్రములు, పండుగలు, పాటలు వంటి మధ్యస్థ విషయములలో ఎంతవరకు ఒప్పుకొనవచ్చునన్నది చర్చ. ఫలితముగా 1548 డిసెంబరులో లైప్‌జిగ్ సభ యెదుటకు వచ్చిన పత్రమును శత్రువులు లైప్‌జిగ్ ఇంటెరిము అని ఎగతాళి చేశారు. మాగ్డెబర్గ్‌లో చేరిన ఆమ్స్‌డోర్ఫ్, ఫ్లాసియస్ దీనిని ద్రోహముగా ఖండించారు. హింస క్రింద మధ్యస్థ విషయము మధ్యస్థముగా ఉండదన్నది ఫ్లాసియస్ వాదము.

నా అభిప్రాయములో వాదము మీద ఫ్లాసియస్‌దే పైచేయి. కత్తి చూపి తొడిగించిన వస్త్రము వట్టి వస్త్రము కాదు. అయితే జార్జి ఎందుకు ఆ బల్ల వద్ద కూర్చున్నాడో కూడా చూడాలి. దక్షిణ జర్మనీలో ఇంటెరిమును ఒప్పుకొనని పాస్టర్లు వందల సంఖ్యలో తరుమబడ్డారు. గొఱ్ఱెలు కాపరి లేకుండా పోవుట ఆయన ముందున్న ప్రత్యక్ష ప్రమాదము. పైగా ఆచారములు స్వయముగా చెడ్డవి కావని ఆయన 1530కి పూర్వము నుండే నమ్మాడు. ఇది భయములో పుట్టిన కొత్త అభిప్రాయము కాదు. ఆమ్స్‌డోర్ఫ్, జార్జి ఇద్దరూ కులీనులే, ఇద్దరినీ లూథరే ప్రతిష్ఠించాడు, ఇద్దరూ పీఠమును పోగొట్టుకొన్నారు. ఒకరు ముట్టడిలో ఉన్న పట్టణపు గోడల వెనుక నుండి ప్రతిఘటించారు, మరొకరు సంప్రదింపుల గదిలో నలిగిపోయారు.

సంప్రదింపులు ఆయన స్థానమును కాపాడలేదు. 1549లో చక్రవర్తి ఒత్తిడి మీద చాప్టరు హెల్డింగ్‌ను మెర్సెబర్గ్ బిషప్పుగా ఎన్నుకొన్నది. 1550 చివరిలో ఆయన పీఠమెక్కాడు. చరిత్ర ఇక్కడ చిత్రమైన మలుపు తిరిగింది. పాత విశ్వాసపు బిషప్పు హెల్డింగ్ పిండిమర నడిపేవాని కొడుకు, సంస్కరణ పక్షమున తొలగిపోయినవాడు రాకుమారుడు. కులీనులకే కట్టిపెట్టిన కోటగా కెథడ్రల్‌ను మనము ఎంత చిత్రించుకొన్నా, ఈ ఇద్దరి జీవితములు ఆ చిత్రమును సరిచేస్తాయి.

జార్జి అన్‌హాల్ట్‌కు తిరిగి వెళ్లి ప్రసంగములు వ్రాస్తూ, తన సంస్థానపు సంఘాలను చూస్తూ గడిపాడు. 1553 అక్టోబరు 17న డెస్సౌలో నలువది ఆరేండ్ల వయస్సులో మరణించాడు. ఆయన జర్మను రచనలు 1555లో విట్టెన్‌బర్గ్‌లో మెలాంక్తను ముందుమాటతో అచ్చయ్యాయి. పండితుడు కమెరారియుస్ లాటిను భాషలో ఆయన జీవిత చరిత్ర వ్రాశాడు.

మెర్సెబర్గ్‌కు ఉత్తరాన సుమారు 15 కిలోమీటర్ల దూరములో హాలె పట్టణమున్నది. ఆల్బ్రెక్ట్ ఆర్చిబిషప్పు తన పునీతుల అస్థికల భాండారమును దాచుకొన్నది, 1541లో విడిచి వెళ్లిపోయినది ఆ పట్టణమే. రెండు వందల ఏండ్ల తరువాత, 1746–47లో, బెంజమిన్ షుల్ట్జ్ తెలుగు లిపిలో చిన్న ప్రశ్నోత్తరిని, మరికొన్ని క్రైస్తవ పుస్తకములను అచ్చు వేయించినది అక్కడే. తెలుగువారి అచ్చు పుస్తకముల చరిత్ర తెలిసిన పాఠకులకు ఆ పేరు కొత్త కాదు.

జార్జి శ్రద్ధగా కూర్చుకొన్న గ్రంథాలయము డెస్సౌలో ఆయన పేరుతోనే నిలిచి ఉన్నది. ఆయన తమ్ముడు యోవాకీము జ్ఞాపకార్థము 1565లో చిన్న క్రానాక్ ప్రభురాత్రి భోజన చిత్రము గీశాడు. బల్ల చుట్టూ శిష్యుల స్థానములో విట్టెన్‌బర్గ్ సంస్కర్తలు కూర్చొని ఉంటారు. క్రీస్తుకు అతి దగ్గరగా ఉన్న ముఖములలో జార్జిది ఒకటి. ఒకప్పుడు మనోవేదనతో కృశించిన యోవాకీము దాత రూపములో క్రింద మోకరించి ఉన్నాడు. చిత్రము మొదట ఉన్న డెస్సౌ సెయింట్ మేరీ ఆలయము 1945 మార్చి బాంబు దాడిలో కూలిపోయింది. చిత్రము మాత్రము మిగిలి, ఆ పట్టణములోని సెయింట్ జాన్ ఆలయమునకు చేరింది.